మన తల్లులకు తెలివి లేక కాదు, సెలవు లేక

 

"తండా ఆడోళ్లకు తెలివి లేదు, బిడ్డకు డబ్బా పాలు పోస్తరు" అనే మాట సిటీకి వచ్చాక చాలాసార్లు విన్నాను. దాని వెనక చరిత్ర మనం తెలుసుకోవాలి.

మా తండాలో రెండేళ్లు దాటేదాకా తల్లిపాలు ఇచ్చేవాళ్లు. తల్లి చేనుకు పోతే బిడ్డ కూడా పోయేది. చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి, ఏడ్చినప్పుడల్లా పాలిచ్చేవాళ్లు. పాతవన్నీ మంచివే అని అనను. ముర్రుపాలు పిండి పారబోయడం తప్పే, బిడ్డకు మొదటి రక్షణ అవే.

డబ్బా పాలు మనం కనిపెట్టినవి కావు. 1970లలో కంపెనీలు పేద దేశాల్లో పాలపొడిని బాగా ప్రచారం చేశాయి. పొడి ఎక్కువ రోజులు రావాలని తల్లులు నీళ్లు ఎక్కువ కలిపారు. ఆ నీళ్లు మంచివి కాక పిల్లలు విరేచనాలతో చనిపోయారు. 1977లో అమెరికాలో నెస్లే బహిష్కరణ మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభలో ఈ ప్రచారాన్ని కట్టడి చేసే నియమావళికి 118 దేశాలు ఓటేశాయి. వద్దన్నది అమెరికా ఒక్కటే. మన దేశం 1992లో చట్టం చేసి పాలపొడి ప్రకటనలు, తల్లులకు ఉచిత శాంపిళ్లు, డబ్బా మీద బిడ్డ బొమ్మ నిషేధించింది. 2003లో దాన్ని ఇంకా గట్టి చేసింది.

కంపెనీలకు కళ్లెం వేశారు సరే, మరి తల్లికి టైమ్ ఎవరిచ్చారు?

మనోళ్లు వలసొచ్చి అమీర్‌పేట, పంజాగుట్ట అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేస్తున్నారు, బిల్డింగుల దగ్గర ఇటుకలు మోస్తున్నారు. 1961 ప్రసూతి చట్టం బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పనిలో రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇచ్చింది. 2017లో సెలవు 26 వారాలకు పెరిగింది. అమీర్‌పేటకు మెట్రో వచ్చింది కూడా ఆ ఏడాదే. కానీ ఆ సెలవు ఆఫీసుల్లో చేసే అక్కలకే, వాళ్ల ఇంట్లో గిన్నెలు తోమే అక్కకు కాదు. 1996 నిర్మాణ కార్మికుల చట్టం పిల్లలకు గది ఉండాలంది, అదీ 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోటే. పదిమంది ఉన్న చోట ఏం లేదు.

చేనులో పని బిడ్డను రానిచ్చింది. సిటీలో పని రానివ్వదు. అందుకే బిడ్డ తండాలో నానమ్మ దగ్గర, సీసాతో ఉంటోంది.

ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని అందరూ చెప్తారు. మంచి మాటే, మనమూ చెప్దాం. దాంతో పాటు కూలి తల్లికి జీతంతో సెలవు, పని దగ్గర బిడ్డకు చోటు కూడా అడుగుదాం. మీ అమ్మ మిమ్మల్ని ఎట్ల పెంచిందో అడిగి ఇక్కడ రాయండి. మన చరిత్ర మనమే రాసుకోవాలి.