సికింద్రాబాద్ సంగీత సభలు

సంగీతం, నృత్యం, నాటకం మీద మక్కువ ఉన్నవాళ్లు కలిసి నడుపుకునే రసికుల సంఘాన్ని ‘సభ’ అంటారు. సభ్యుల చందా, దాతల విరాళం, కార్యకర్తల రెక్కల కష్టం దీని పెట్టుబడి. సికింద్రాబాద్‌లో సభ అనగానే ముందు వినిపించే పేరు కళాసాగరం. 1967లో మొదలైన ఈ సంస్థ ఏటా జరిపే ఉత్సవాలతో కర్ణాటక సంగీతం వినేవాళ్లకు జంటనగరాల్లో చిరునామా అయింది.

నేపథ్యం

దక్షిణాదిన శాస్త్రీయ సంగీతం చాలాకాలం గుళ్లోనో, సంస్థానాధీశుల కొలువులోనో, జమీందారు లోగిలిలోనో బతికింది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఆ పోషణలో కొంత భారం మధ్యతరగతి నెత్తికెత్తుకుంది. మద్రాసులో 1900లో పార్థసారథి స్వామి సభ, 1928లో మ్యూజిక్ అకాడమీ వెలిశాయి. టికెట్టు కొనో, చందా కట్టో పాట వినే అలవాటు అలా పాదుకుంది.

ఆ అలవాటు సికింద్రాబాద్‌లో పాతుకోవడానికి ఊరి పుట్టుకే ఒక కారణం. 1798లో నిజాంతో కుదిరిన ఒప్పందం వల్ల హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ సేనలు స్థిరపడ్డాయి. 1806లో ఆ దండు ప్రాంతానికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. మద్రాసు పటాలాల వెంట తమిళులు, కోస్తా తెలుగువాళ్లు, వ్యాపారులు, గుమాస్తాలు, కాంట్రాక్టర్లు వచ్చారు. సాగర్‌కు ఆవలి గట్టున నిజాం నగరంలో గజళ్లు, కవ్వాలీలు మోగుతుంటే ఈవలి గట్టున కీర్తనలు వినే కుటుంబాలు పెరిగాయి. నలుగురూ పోగై వినడం కూడా ఈ ఊరికి కొత్త కాదు. 1893 ఫిబ్రవరి 13న ఇక్కడి మహబూబ్ కాలేజీలో వివేకానందుడు ఉపన్యసించాడు. ఆయన పాల్గొన్న షికాగో సర్వమత మహాసభకు అప్పటికి ఇంకా ఏడు నెలల వ్యవధి ఉంది.

1960వ దశకంలో జనాభా పొందిక మళ్లీ మారింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. దక్షిణ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లు ఇందులో కలిశాయి. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది. బదిలీ మీద వచ్చిన ఉద్యోగి తనతోపాటు తంబురానో, వీణనో, కనీసం కచేరీలకు వెళ్లే అలవాటునో తెచ్చుకున్నాడు. కళాసాగరం పుట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఉత్సవం

కళాసాగరం వార్షికోత్సవాలకు చాలా ఏళ్లు కీస్ హైస్కూలు మైదానమే వేదిక. సాధారణంగా చలికాలంలో, ఆరుబయట. గాత్రం, వాద్యం, నృత్యం, నాటకం వరసగా సాగే ఈ ఉత్సవం పెద్ద విద్వాంసుల పాటను మద్రాసు ప్రయాణం పెట్టుకోకుండానే వినే వీలు కల్పించింది.

చలికాలపు ఆరుబయలు శ్రోతకు హాయిగానే ఉంటుంది. శాలువా కప్పుకుని కూర్చుంటే సరి. చిక్కంతా మృదంగానికే. దాని మూతలు తోలువి. గాలిలో తేమ పెరిగితే తోలు వదులై శ్రుతి దిగిపోతుంది. అందుకే విద్వాంసుడు పాటకూ పాటకూ నడుమ రాయితో, కర్రముక్కతో అంచు మీద తట్టి శ్రుతి సరిచేసుకుంటూ ఉంటాడు. ఎడమ మూతకు తడిపిన బొంబాయిరవ్వ ముద్ద అంటిస్తేనే గంభీరమైన నాదం పలుకుతుంది. కచేరీ అయ్యాక దాన్ని గీకేస్తారు. కాబట్టి తెర వెనక కార్యకర్త సిద్ధం చేసుకోవాల్సిన వాటిలో పూలదండ, శాలువాలతోపాటు గుప్పెడు రవ్వ, చెంబుడు నీళ్లు కూడా ఉంటాయి.

సభ నడిచే తీరు

సభను నమోదు చేయించాలంటే చట్టప్రకారం కనీసం ఏడుగురు కావాలి. 2001 సంఘాల నమోదు చట్టం వచ్చేదాకా తెలంగాణ ప్రాంతంలో ఇలాంటి సంఘాలకు 1350 ఫసలీ, అంటే 1940 దశకపు తొలినాళ్ల నాటి చట్టం వర్తించేది. కాగితం మీద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, కార్యవర్గం ఉంటారు. పని భారం ఎక్కువగా కార్యదర్శి మీదే పడుతుంది. విద్వాంసుల తేదీలు కుదర్చడం, పక్కవాద్యాలు మాట్లాడడం, హాలు బుక్ చేయడం, సావనీర్‌కు ప్రకటనలు అడగడం, పోలీసుల నుంచి మైకు అనుమతి తేవడం వంటివన్నీ ఆయనో, ఆవిడో చూసుకోవాలి.

కార్యకర్తలకు జీతం ఉండదు. తెల్లవారుజామున స్టేషన్లో రైలు దిగే కళాకారుడికి ఎదురెళ్లడం దగ్గర మొదలై, ఘటం పగలకుండా బండెక్కించడం, కళాకారులకు వేళకు టిఫిను, వేడి కాఫీ అందించడం, ఆఖరి మంగళం తర్వాత కుర్చీలు సర్దడం దాకా పని సాగుతుంది. ఇంతా చేసి కచేరీని కుదురుగా కూర్చుని వినే అదృష్టం చాలాసార్లు వీళ్లకు దక్కదు. కచేరీ మొదట్లో వర్ణం అవుతుండగా గేటు దగ్గర, లయవాద్యాల తని ఆవర్తనం వేళ క్యాంటీన్ దగ్గర ఉంటారు.

పిల్లలు, పోటీలు, బడులు

సభల సేవ వేదికతో ఆగదు. పిల్లలకు పాటల పోటీలు పెట్టి, గెలిచినవాళ్లకు చిన్న కచేరీ ఇప్పించడం వీటి పాత పద్ధతి. నగరంలో శిక్షణకు మారేడుపల్లిలోని భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ నేర్చుకున్నది నలుగురి ముందు పాడడానికి మాత్రం సభ కావాలి.

బడుల్లోకే కళాకారులను తీసుకెళ్లే బాట వేసింది స్పిక్‌మెకే. 1977లో ఐఐటీ ఢిల్లీలో కిరణ్ సేఠ్ ప్రారంభించిన ఈ ఉద్యమం దేశమంతటా స్వచ్ఛంద కార్యకర్తల మీదే నడుస్తుంది. బ్రిటన్‌లో ఇదే తరహా రసిక సంఘాల సమాఖ్య 1968లో ఏర్పడింది. 2017 నుంచి దాని పేరు ‘ది ఆర్ట్స్ సొసైటీ’. నెలనెలా కళోపన్యాసాలు వినే దాని సభ్యులు పాత గ్రంథాలయాల్లో పుస్తకాలు తుడిచి, చిరుగులు సరిచేసే పనీ చేస్తారు. ఇక్కడి కార్యకర్త చేతికి రవ్వ గిన్నె వస్తే, అక్కడివాళ్ల చేతికి మెత్తటి బ్రష్షు వస్తుంది.

వేదికలు, తోటి సంస్థలు

సికింద్రాబాద్‌లో పెద్ద కార్యక్రమాలకు నగరపాలక సంస్థకు చెందిన హరిహర కళాభవన్ ఉంది. గుళ్ల ప్రాంగణాలు, బడుల హాళ్లు మిగతా అవసరం తీరుస్తాయి. హైదరాబాద్ వైపు చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, సౌత్ ఇండియన్ కల్చరల్ అసోసియేషన్ ఇదే బాటలో ఉండగా, హిందుస్తానీ శ్రోతలను సుర్‌మండల్ కూడగట్టింది. 1960లో సికింద్రాబాద్ పురపాలక సంఘం హైదరాబాద్‌లో విలీనమైనా, ఆఫీసు వదిలాక ట్రాఫిక్ దాటి సాగర్‌కు అటువైపు వెళ్లడం అందరికీ కుదరని పని. అందుకే ఈవైపు సభకు ఈవైపు శ్రోతలున్నారు.

ఆరాధన

1847లో పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజు సిద్ధి పొందాడు. ఆ తిథిని పురస్కరించుకుని జనవరి, ఫిబ్రవరి నెలల్లో సభలు ఆరాధనలు జరుపుతాయి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని పంచరత్న కీర్తనలను బృందంగా పాడతారు. ఆ పూట టికెట్టు ఉండదు, ముందు వరస వెనక వరస తేడా ఉండదు. విద్వాంసుల వెనక విద్యార్థులు, వాళ్ల వెనక సాహిత్యం అచ్చేసిన కాగితం పట్టుకున్న గృహిణులు, రిటైరైన రైల్వే ఉద్యోగులు కూర్చుంటారు. నాట రాగం ఎత్తుకునేసరికి, అప్పటిదాకా తివాచీలు పరుస్తూ తిరిగిన కార్యకర్త కూడా ఆఖరి వరసలో చోటు చూసుకుని గొంతు కలుపుతాడు.