హైదరాబాద్ క్లోరోఫామ్ కథ: వందల ప్రయోగాలు చేసినా ఎందుకు తప్పారు?

సైన్స్ ఫెయిర్ దగ్గర పడితే మా యాకుత్‌పురాలో స్టేషనరీ షాపులకు గిరాకీ పెరుగుతుంది. థర్మోకోల్, ఫెవికాల్, చార్టులు... సామాను రెడీ. కానీ ప్లాన్ ఏది? ఈ ఎపిసోడ్‌లో ప్లాన్ గురించే మాట్లాడుకుందాం. దానికి మన ఊళ్లోనే ఒక పెద్ద కథ ఉంది.

యాకుత్‌పురా నుంచి వెళ్లి మూసీ దాటితే అఫ్జల్‌గంజ్, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఏరియా. 1880ల్లో అక్కడి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ సర్జన్ పనిచేసేవారు. హైదరాబాద్ మెడికల్ స్కూల్ కూడా ఆయన చేతి కిందే నడిచేది.

అప్పట్లో ఆపరేషన్ అంటే మత్తుకు క్లోరోఫామ్ ఇచ్చేవాళ్లు. నొప్పి తెలిసేది కాదు, నిజమే. కానీ కొందరు పేషెంట్లు ఉన్నట్టుండి చనిపోయేవాళ్లు. 1848లో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోడానికి వెళ్లి, మత్తు ఇచ్చిన కాసేపటికే చనిపోయింది. ఆగింది గుండెనా, ఊపిరా? డాక్టర్లు రెండు జట్లుగా చీలిపోయారు.

లారీ మాత్రం ముందే తేల్చుకున్నారు. ఆయన గురువు జేమ్స్ సైమ్ ఎడిన్‌బరోలో నేర్పిన మాట ఒకటే: నాడి కాదు, ఊపిరి చూడండి. 1888లో లారీ ఒక కమిషన్ పెట్టి కుక్కల మీద ప్రయోగాలు చేయించారు. ముందు ఊపిరి ఆగుతోంది, తర్వాతే గుండె ఆగుతోంది అని రిపోర్టు వచ్చింది. లండన్‌లోని ‘ది లాన్సెట్’ పత్రిక నమ్మలేదు.

అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒక మంచి పని చేశారు. మీ మనిషినే పంపించి చూసుకోండి అని లాన్సెట్‌కు వెయ్యి పౌండ్లు ఇచ్చారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చారు. ఆయన అభిప్రాయం లారీకి ఎదురు. ఈసారి నాలుగు వందలకు పైగా జంతువులు: కుక్కలు, కోతులు, మేకలు. రక్తపోటు కొలిచే పరికరాలు పెట్టారు. పళ్లు పీకడం, గోళ్లు పీకడం లాంటివి కూడా చేసి చూశారు. చివరికి బ్రంటన్ కూడా లారీ వైపే వచ్చేశారు. ఊపిరి గమనిస్తే చాలు, గుండెకు భయం లేదన్నారు.

కానీ అది తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద చేసిన ప్రయోగాలు అసలు సంగతి బయటపెట్టాయి. మత్తు తక్కువగా ఉన్నప్పుడు ఒంట్లోకి అడ్రినలిన్ చేరితే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతుంది. మనిషి హఠాత్తుగా పోతాడు. భయపడితే మన ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. మత్తు పూర్తిగా ఎక్కకముందు, భయంతో ఉన్న హానా లాంటి పేషెంట్‌ను ఊహించుకోండి.

మరి హైదరాబాద్‌లో తేడా ఎక్కడ కొట్టింది? కష్టంలో కాదు, పరికరాల్లో కాదు. ఎక్కువ ప్రయోగాల్లో మత్తు పెంచుకుంటూ పోయి, ఏది ముందు ఆగుతుందో చూశారు. అలా చేస్తే ముందు ఊపిరే ఆగుతుంది. అడ్రినలిన్ గురించి అప్పటికి ఎవరికీ తెలియదు, అది వాళ్ల తప్పు కాదు. కానీ ‘మా ప్రయోగాల్లో కనబడలేదు’ అనాల్సిన చోట ‘అసలు జరగదు’ అన్నారు. ఆ ఒక్క మాటలోనే ప్రమాదం ఉంది, ఎందుకంటే దాన్ని నమ్మి మత్తు ఇచ్చిన డాక్టర్లు ఉన్నారు.

సాఫ్ట్‌వేర్‌లో మాకు ఇది రోజూ ఉండే గొడవే. వంద టెస్టులు పాస్ అయినా, అన్నీ ఒకేలాంటివైతే బగ్ హాయిగా దాక్కుంటుంది.

ఇప్పుడు మీ ప్రాజెక్టుకి వద్దాం. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? ‘కుండ రంధ్రాల్లోంచి నీరు ఊరి, ఆవిరై, వేడిని లాక్కెళ్తుంది.’ ఇది మీ ఊహ. మామూలు కుండలు పది పెట్టి, పదింట్లోనూ చల్లబడ్డాయని చార్టు వేస్తే మీరు చేసింది లారీ పనే. అదే సైజు కుండలు రెండు తీసుకోండి. ఒకదానికి బయట పెయింట్ వేసి రంధ్రాలు మూసేయండి, బాగా ఆరనివ్వండి. ఒకే చోట పెట్టి, సమానంగా నీళ్లు పోసి, గంటగంటకీ థర్మామీటర్‌తో చూడండి. రెండూ ఒకేలా చల్లబడితే మీ ఊహకు దెబ్బ పడినట్టే. ఆ మాట ప్రయోగానికి ముందే నోట్‌బుక్‌లో రాసుకోండి, తేదీతో సహా. ముగింపులో కూడా ‘ఈ కుండల్లో, ఈ ఎండలో’ అని రాయండి, ‘ఎప్పుడూ’ అని రాయకండి.

అన్నట్టు, జంతువుల జోలికి మాత్రం వెళ్లొద్దు. స్కూల్ ప్రాజెక్టుకు కుండ చాలు.

మీ ప్రశ్న ఏంటో, ఏ రిజల్ట్ వస్తే ‘నా ఊహ తప్పు’ అని ఒప్పుకుంటారో కామెంట్‌లో రాయండి. రెండోది రాయలేకపోతున్నారంటే ప్లాన్ ఇంకా పూర్తి కాలేదన్నమాట. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.