వెండి బిళ్ళ అంచు మీది పేరు



కొంతకాలంగా ఛందస్సు, సమాసాలు అంటూ మిమ్మల్ని విసిగిస్తున్నాను కనుక, ఈ టపాలో కాస్త దారి మళ్ళించి ఒక పాత సామానుల గదిలోకి తీసుకొనిపోదలచాను. వినుకొండలో నా వద్ద పదవ తరగతి చదువుకున్న కుర్రవాడొకడున్నాడు. ఇప్పుడతనికి నలభై దాటాయి. అయినా నాకు కుర్రవాడే. పత్తి, మిరప తప్ప మరో బేరం ఎరుగని మా ఊళ్ళో అతడు చేసే వ్యాపారం వింతైనది. పాత సైనిక వస్తువులు, విమానాల పనిముట్లు ఎక్కడ దొరికినా కొని, అటువంటివి సేకరించే అభిరుచి గలవారికి అమ్ముతాడు. ఇత్తడి గుండీలు, టోపీ బిళ్ళలు, దిక్సూచులు, తూటాల పెట్టెలు, విమానంలో ఎత్తును కొలిచే ఆల్టీమీటరు, ఆగిపోయిన గడియారం – ఇవీ అతని సరుకులు. తుపాకులు, బాయొనెట్ల జోలికి మాత్రం పోడు. ఆయుధాల చట్టంతో చెలగాటం వద్దని మొదటి రోజే చెప్పాను.

“ఇవన్నీ మన మెట్ట ప్రాంతానికి ఎలా వచ్చాయి మాస్టారూ?” అని ఒకనాడు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ నేను చదివినదీ, ఆ వెదుకులాటలో నాకు ఎదురుపడిన నా తప్పూ ఈ వ్యాసం.

వినుకొండలో గుంతకల్లు వైపు పోయే రైలెక్కితే కురిచేడు దాటాక దొనకొండ వస్తుంది. అక్కడ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషువారు వేసిన విమానాశ్రయం ఉంది. మనకు యుద్ధమంటే పత్రికలలో చదువుకున్న దూరపు సంగతి అనుకుంటాం కానీ, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబును నేటికీ విశాఖ మ్యూజియంలో చూడవచ్చు. తీరం భయపడింది, తీరానికి వెనుకనున్న మెట్టభూములలో విమానాలు దిగే బాటలు వెలిశాయి. తాడేపల్లిగూడెంలోనిదీ ఆ కాలపుదే. మా వినుకొండలో పుట్టిన జాషువా మహాకవి సైతం ఆ రోజులలో కొంతకాలం యుద్ధప్రచారకుడిగా పనిచేశారు.

1945లో యుద్ధం ముగిసింది. ముగిసిన యుద్ధానికి సామాను మిగులుతుంది. పెళ్ళి అయిన మర్నాడు వంటపాత్రలు లెక్కపెట్టుకున్నట్లుగా ప్రభుత్వాలు సామగ్రిని లెక్కపెట్టుకున్నాయి. అమెరికా మన దేశంలో మిగిలిపోయిన తన సామగ్రిని ఓడలకెత్తి తిరిగి తీసుకొనిపోవడం కంటె ఇక్కడే వదలుకోవడం మేలనుకుని, 1946లో జరిగిన ఒప్పందం మేరకు భారత ప్రభుత్వానికి అప్పగించింది. వీటిని అమ్మడానికి ప్రభుత్వంలో ప్రత్యేకశాఖ ఉండేది. మా పెద్దవాళ్ళ నోట ‘డిస్పోజల్సు’ అన్న మాట అలా వచ్చింది. డిస్పోజల్సు బూట్లు, డిస్పోజల్సు కంబళి, డిస్పోజల్సు లారీ. పారాచూటు గుడ్డ చొక్కా అయింది. తూటాల పెట్టె వడ్రంగి పనిముట్ల పెట్టె అయింది. మద్రాసు మూర్ మార్కెటు వంటి చోట్ల పాత పుస్తకాల పక్కనే ఇటువంటి పాత సామానూ దొరికేది. 1985లో ఆ మార్కెటు తగలబడిపోయింది.

విమానాల సంగతి ఇంకా ఆసక్తికరం. యుద్ధంలో సరుకులు మోసిన డకోటాలు పదివేలకు పైగా తయారయ్యాయి. యుద్ధం ముగియగానే అవి చౌకబేరానికి వచ్చాయి. స్వాతంత్ర్యానికి ముందువెనుకల మన దేశంలో పుట్టిన విమాన సంస్థలకు అవే పెట్టుబడి. నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాదు బేగంపేట నుండి నడిపినవీ డకోటాలే. 1953లో విమాన సంస్థలను జాతీయం చేసినపుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

లిబరేటర్ అనే నాలుగింజన్ల బాంబరు కథ నాకు మరీ నచ్చింది. బ్రిటిషు వైమానిక దళం వెళ్ళిపోతూ కాన్పూరులో తన లిబరేటర్లను మళ్ళీ ఎగరకుండా పాడుచేసి పారవేసింది. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివారు 1948 మొదలుకొని వాటిలో నలభైకి పైగా విమానాలను బ్రతికించారు. మన వైమానిక దళం 1968 వరకు వాటిని వాడింది. అప్పటికి ప్రపంచంలో ఎగిరే లిబరేటర్లు దాదాపు లేవు. దానితో ఎవరు తుక్కుగా వదలివేశారో వారి దేశాల మ్యూజియములే మన దగ్గరి లిబరేటర్లను అడిగి తీసుకున్నాయి. ఇంగ్లండు, కెనడా, అమెరికాలలో నేడు భద్రంగా ఉన్న లిబరేటర్లలో కొన్ని ఇలా మన దేశం నుండి వెళ్ళినవే. తుక్కుకూ పురావస్తువుకూ మధ్య తేడా లోహంలో ఉండదు, చూసే కంటిలో ఉంటుంది.

ఇక నా శిష్యుని వ్యాపార రహస్యాలు రెండు మూడు చెబుతాను. మొదటిది: తోమకూడదు. మన ఇళ్ళలో ఇత్తడి, వెండి కనబడితే చింతపండు పులుసుతో తళతళలాడేలా తోముతాం. సేకర్తకు ఆ నల్లని పొరే వయసు ధ్రువపత్రం. తోమిన వస్తువు విలువ సగానికి సగం పడిపోతుందని అతడు తల పట్టుకుంటాడు. రెండవది: పాత విమాన గడియారాల అద్దం విప్పకూడదు. చీకట్లో మెరిసేందుకు ఆనాడు అంకెలకు రేడియం పూసేవారు. మెరుపు పోయినా రేడియం పోదు. ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే ప్రమాదం. మూడవది: ఒక సైనికుని పతకాలను విడదీయకూడదు. ఒకే మనిషికి వచ్చిన పతకాలు కలిసి ఉంటేనే అతని కథ తెలుస్తుంది, ధరా పలుకుతుంది. విడివిడిగా అమ్మితే రెండూ పోతాయి.

ఈ మూడవ రహస్యం చెప్పిన రోజుననే అతడు జేబులోంచి కాగితపు పొట్లం తీసి నా బల్లమీద పెట్టాడు. పాత వెండి కొనే వర్తకుని వద్ద తూకానికి కొన్నాడట. చూస్తే వెండి బిళ్ళ. ఒకవైపు ఐదవ జార్జి తల. రెండవవైపు గుర్రం మీద దిగంబరుడైన వీరుడు, 1914, 1918 అంకెలు.

మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి బ్రిటిషు ప్రభుత్వం 1919లో ఏర్పరచిన యుద్ధపతకం అది. సుమారు 65 లక్షల వెండి పతకాలు పంచారు. కూలి దళాలలో చేరిన భారతీయులు, చైనీయులు మొదలైనవారికి అదే పతకాన్ని కంచుతో ఇచ్చారు. మట్టి త్రవ్వినవాడికి వెండి ఎందుకనుకున్నారు కాబోలు!

“అంచు చూడండి మాస్టారూ” అన్నాడు. భూతద్దంతో చూశాను. ఆ పతకం అంచు మీద గ్రహీత సంఖ్య, హోదా, పేరు, దళం ముద్రిస్తారు. సంఖ్య ఉంది. సాపర్ అన్న హోదా ఉంది. మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళం పేరు ఉంది. బెంగళూరు కేంద్రంగా గల ఆ దళంవారు మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాకులో, వంతెనలు కట్టారు, బాటలు వేశారు. ఇంగ్లీషు గుమాస్తా చేతిలో నలిగిన పేరును అక్షరమక్షరం కూడబలుక్కుని చూస్తే అచ్చమైన తెలుగు పేరు తేలింది. ఇంటిపేరు లేదు. ఊరు లేదు. ఆ ఒక్క పేరుతో ఆ కుటుంబాన్ని వెదకి పట్టుకోవడం మా వల్ల కాలేదు.

శిష్యుడు వెళ్ళిపోయాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలి.

ఆ గుర్రపు వీరుణ్ణి నేను అంతకు పూర్వమే చూశాను. మా అమ్మ తండ్రిగారు బస్రా వెళ్ళివచ్చిన మనిషి. ఆయన పోయాక ఆ బిళ్ళ అమ్మ పెట్టెలో ఉండేది. చిన్నప్పుడు దానితో ఆడుకున్నాం. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు వెండినంతా పోగుచేయగా, ప్రపంచ విపణిలో ఔన్సు దాదాపు 50 డాలర్లకు ఎక్కింది. ఆ వేలంవెర్రిలో ఈ పతకాలు ఎన్నెన్నో దేశాలలో మూసలలోకి పోయాయి. మా చెల్లెలి పెళ్ళి కుదిరిన సంవత్సరమది. ఇంట్లోని వెండి ముక్కలన్నీ మూటగట్టి అమ్మ నాకిచ్చింది. భాషాప్రవీణ చదువుతున్న నేను ఆ మూటను కంసాలి ముందు విప్పాను. రెండున్నర తులాల పైచిలుకు తూగింది తాతగారి బిళ్ళ. అది నా కళ్ళ ముందే కరిగింది. అందులోంచి చెల్లెలి పట్టీలు వచ్చాయి.

పెళ్ళికి వెండి కావాలి. అమ్మ తప్పేమీ లేదు. నేను కరిగించినందుకు కూడా అంతగా బాధపడను. కానీ అక్షరాలు చదవడమే బ్రతుకుతెరువుగా ఎంచుకున్నవాణ్ణి. శాసనాలు చదవడమెలాగో అప్పుడే నేర్చుకుంటున్నవాణ్ణి. ఆ అంచు మీద ఏముందో ఒక్కసారి త్రిప్పి చూడలేదు. తాతగారు ఏ దళంలో ఉన్నారో, ఆయన సంఖ్య ఎంతో నాకు నేటికీ తెలియదు.

ఇది ఒక్క మా ఇంటి సంగతి అయితే ఇంత వ్రాయను. మొదటి యుద్ధంలో మన దేశం నుండి పది లక్షలకు పైగా సైనికులు, కూలీలు సముద్రం దాటారు. మెసొపొటేమియాలో మరణించి సమాధి కూడా తెలియని వారికోసం బస్రాలో స్మారకం కట్టారు. అందులో బ్రిటిషు సైనికుల పేర్లు చెక్కారు. భారతీయులలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కి, మామూలు సిపాయిలను దళం పేరు క్రింద ఇంతమంది అని అంకెలలో ముగించారు. ఈ వివక్షను 2021లో కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమే నివేదికలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. రాతిమీద పేరు దక్కని ఆ జనంలో బ్రతికివచ్చినవారికైనా, పోయినవారి ఇంటికైనా చేరిన ఈ బిళ్ళ అంచే వారి శాసనం. దాన్ని మనం తూకానికి అమ్ముకున్నాం.

నా శిష్యుడు పతకం ఏం చేశాడని అడుగుతారేమో. విదేశాల నుండి ఒకాయన మంచి ధర చెప్పాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. అటువంటి వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కూడా కావాలి. మొదటి యుద్ధపు పతకాలకు ఇప్పుడు ఆ నూరేళ్ళు నిండుతున్నాయి. ఆ సంగతి చెప్పాను. “మరి కుటుంబం దొరక్కపోతే నేనేం చెయ్యను మాస్టారూ? అద్దె కట్టాలిగా” అన్నాడు. అతని మాటలోనూ న్యాయముంది. వకీలును అడిగి పద్ధతి తెలుసుకుని, చివరకు మద్రాసు సాపర్ల పతకాలనే శ్రద్ధగా కూడబెట్టే మన దేశపు సేకర్త ఒకరికి ఇచ్చాడు. మూసలో పడటం కంటె అది మేలు.

అయితే ఇవ్వడానికి ముందు ఇద్దరం ఒక పని చేశాం. పెద్ద లెడ్జరు ఒకటి కొని గడులు గీశాం: సంఖ్య, హోదా, పేరు, దళం, దొరికిన చోటు. పేరును ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్లు, పక్కన తెలుగులో నేను పోల్చుకున్న రూపం. ఇందులో ఎక్కించకుండా పేరున్న ఏ వస్తువునూ అమ్మనని అతడు మాట ఇచ్చాడు. రేపు ఎవరైనా మనుమడో, మునిమనుమడో వెదుక్కుంటూ వస్తే, వస్తువు లేకపోయినా ఆనవాలు ఉంటుంది.

మొదటి పుటలో మొదటి వరుస నన్ను వ్రాయమన్నాడు. మా తాతగారి పేరు వ్రాశాను. సంఖ్య, దళం గడులు ఖాళీగా వదిలాను.

మిత్రులారా, మీ ఇళ్ళలో అటక మీదో, నాయనమ్మ పెట్టె అడుగునో ఇటువంటి బిళ్ళ ఉంటే తోమకండి. వెలుతురులోకి తెచ్చి ఒక్కసారి అంచు త్రిప్పి చూడండి. అక్కడ ఉన్నది ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ తరువాత దాచుకుంటారో అమ్ముకుంటారో మీ ఇష్టం.