కత్తే పట్టా

ఇంగ్లండ్ ఉత్తరాన, టీస్ నది ఒడ్డున ఉన్న సాక్‌బర్న్ కథ చిన్నదే. అక్కడ మనుషుల్ని మింగే మహాసర్పం ఒకటి ఉండేదట. సర్ జాన్ కాన్యర్స్ అనే వీరుడు కవచం తొడుక్కుని, ఒక్కగానొక్క కొడుకుని చర్చిలో పరిశుద్ధాత్మకు అర్పించి, వెళ్లి దాన్ని నరికాడు. పాతిపెట్టిన చోటుని గ్రేస్టోన్ అనే రాయి చూపిస్తుంది. ఇదంతా 1066లో నార్మన్లు రాకముందు జరిగిందని చెబుతారు.

నన్ను కట్టిపడేసింది ఆ సర్పాన్ని నరికిందని చెప్పే కత్తి. డర్హం కెథీడ్రల్‌లో దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. పొడవు 89 సెంటీమీటర్లు. మాంసం కొట్టే కత్తిలా మొనవైపు వెడల్పు ఎక్కువ. పిడి చివరి గుండు మీద ఒక పక్క ఇంగ్లండ్ రాజుల మూడు సింహాలు, రెండో పక్క గద్ద. పిడికి పైనున్న అడ్డుకమ్మీ మీద రెక్కల సర్పాలు చెక్కారు. నిపుణుల లెక్కలో ఇది 1260–70 ప్రాంతపు పని. అంటే వీరుడికీ ఆయుధానికీ నడుమ 200 ఏళ్ల ఎడం! బహుశా ఆ అడ్డుకమ్మీ మీది సర్పాలే కథకు ప్రాణం పోశాయని నా అనుమానం.

కథ ఇన్నాళ్లు నిలిచింది మాత్రం భూమి వల్ల. కాన్యర్స్ కుటుంబం సాక్‌బర్న్‌ను డర్హం బిషప్ కింద అనుభవించేది. ఆ రోజుల్లో డర్హం బిషప్ అంటే మతగురువే కాదు, సొంత న్యాయస్థానాలు, టంకశాల ఉన్న పాలకుడు. కొత్త బిషప్ తొలిసారి తన సీమలో అడుగుపెట్టేటప్పుడు నీషమ్ రేవులోనో, క్రాఫ్ట్ వంతెన మీదో సాక్‌బర్న్ ప్రభువు ఎదురెళ్లి, పాముని చంపిన వైనం చెప్పి కత్తి చేతికివ్వాలి. బిషప్ దాన్ని అందుకుని, భూమిని చల్లగా అనుభవించమని దీవించి వెంటనే తిరిగిచ్చేసేవాడు. దాంతో హక్కు ఖాయమైనట్టే.

తర్వాత భూమి చేతులు మారింది. కత్తీ కథా దాని వెంటే వెళ్లాయి, వంశం వెంట కాదు. 1810లో ఆ ఇంటిపేరున్న చివరి బారొనెట్ (వంశపారంపర్య బిరుదుదారు) సర్ థామస్ కాన్యర్స్, చెస్టర్-లె-స్ట్రీట్‌లో దిక్కులేనివాళ్లుండే వర్క్‌హౌస్‌లో కనిపించాడు. చరిత్రకారుడు రాబర్ట్ సర్టీస్ చందాలు పోగుచేసి బయటికి తెచ్చినా, ఆ ఏడే ముసలాయన కన్నుమూశాడు. చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ తర్వాత 1826లో, క్రాఫ్ట్ వంతెన మీద బిషప్ వాన్ మిల్డర్ట్‌కి కత్తి యథావిధిగా అందింది.

1836లో బిషప్‌ల పాలనాధికారం రాజుకి పోయింది, కత్తి సమర్పణా ఆగింది. 1984లో డేవిడ్ జెంకిన్స్ బిషప్‌గా వచ్చినప్పుడు మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి అందించింది డార్లింగ్టన్ మేయర్. ఇప్పుడు దాని మీద ఆధారపడి ఒక్క ఎకరం కూడా లేదు.