నిబ్బరం

2020 మే నెలలో ‘ఆత్మనిర్భర్ భారత్’ ప్రకటన వచ్చాక ‘నిర్భర్’ అనే మాట మన పత్రికల్లోకి ఉన్నదున్నట్టు దిగిపోయింది. హిందీలో దానికి ‘ఆధారపడిన’ అని అర్థం. మన దగ్గర మాత్రం ఆ మాట ఎప్పుడో ఇంటిమనిషై, సరిగ్గా ఎదురు దిక్కున నిలబడింది. సంస్కృతంలో నిర్భరమంటే కొలతకు మించినది, నిండైనది. గాఢనిద్రనూ నిర్భరనిద్ర అన్నారు. ధర్మం ధమ్మమైనట్టే ప్రాకృతంలో రేఫ జారిపోయి, తెలుగులో నిబ్బరమైంది. పాత తెలుగులో దానికి ‘మిక్కుటం’ అన్న అర్థమూ ఉంది. ఇప్పుడు మిగిలింది గుండె నిబ్బరమే. నిండుకుండ తొణకదంటాం కదా, నిండుదనం నిలకడగా మారడం నాకెంతో సహజంగా తోస్తుంది. ‘నిర్మలం’ కూడా ఇదే దారిలో ‘నిమ్మళం’ అయింది. తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం వినిపించే తెలంగాణలోని బిచ్కుంద వైపు ఈ మాట విలువ తెలుస్తుంది. కోసిన సోయా వానకు తడిస్తే, రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి, గింజల్ని పాదాలతో పలచగా నెడుతూ ఆరబెడతారు. ఉబ్బిన గింజను గోటితో గిల్లి చూసి, పక్కామెతో “నిమ్మళంగుండు వదినా, ఎండొస్తది” అంటారు. ధైర్యం అనే మాటకు ఎదుట ఒక శత్రువు కావాలి; నిబ్బరానికి, నిమ్మళానికి రోజువారీ పని చాలు. ‘ఆత్మనిర్భర్’కు ‘స్వావలంబన’ అనే చక్కని మాట మనకుంది. పత్రికలవాళ్లు దాన్నే రాయాలి, నిబ్బరాన్ని దాని చోటనే ఉండనివ్వాలి.