ఒకే కవచం, మారిన ముఖాలు: పియెర్ లోంబార్ అశ్వారూఢ ముద్రాచిత్రం – సాక్ష్య పరిశీలన

ఉపోద్ఘాతం:

కవచధారులైన ఐరోపా ప్రభువుల ముద్రాచిత్రాలు పాత చరిత్రగ్రంథాలలో విరివిగా కనిపిస్తాయి. వాటిని ఆయా వ్యక్తుల రూపానికి ప్రత్యక్షసాక్ష్యాలుగా స్వీకరించడం పరిపాటి. ఆ స్వీకారానికి గల హద్దులను 17వ శతాబ్దపు ఇంగ్లండుకు చెందిన ఒక ముద్రాచిత్రం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

మూలచిత్రం – అనుకరణ:

1633లో ఆంటోనీ వాన్ డైక్ మొదటి చార్లెస్ రాజును అశ్వారూఢునిగా చిత్రించాడు. కవచం ధరించిన రాజు తెల్లని గుర్రంపై తోరణద్వారం గుండా వస్తుండగా, పక్కన అశ్వశిక్షకుడు సెయింట్ ఆంటోయిన్ శిరస్త్రాణం పట్టుకొని ఉంటాడు. 1649 జనవరి 30న రాజుకు శిరచ్ఛేదం జరిగింది. 1653 డిసెంబరులో ఆలివర్ క్రామ్‌వెల్ లార్డ్ ప్రొటెక్టర్ అయ్యాడు. ఆ దశాబ్దంలో లండన్‌లో పనిచేసిన ఫ్రెంచి శిల్పి పియెర్ లోంబార్, వాన్ డైక్ కూర్పునే అనుసరించి ఒక రాగిరేకును చెక్కాడు. అయితే ఆ గుర్రంపై కూర్చున్నది క్రామ్‌వెల్. రాజును తొలగించినవారి నాయకుడు రాజు భంగిమలోనే ప్రజల ముందుకు వచ్చాడు.

రాగిరేకు – పాఠాంతరాలు:

రాగిరేకుపై గీసిన గీతలు శాశ్వతం కావు. అక్కరలేని భాగాన్ని గీకి, నునుపు చేసి, రేకు వెనుకనుంచి సుత్తితో కొట్టి మట్టం సరిచేస్తే అక్కడ కొత్తగా చెక్కవచ్చు. లోంబార్ రేకు విషయంలో ఇదే జరిగింది. దానినుండి అచ్చయిన ప్రతులలో కొన్నింట క్రామ్‌వెల్, కొన్నింట చార్లెస్, ఒక దశలో ఫ్రాన్సు రాజు 14వ లూయీ కనిపిస్తారు. ముఖమే లేని ప్రతి కూడా ఉంది. అందువల్లనే దీనికి 'తలలేని రౌతు' అనే పేరు స్థిరపడింది. ఈ ప్రతులను పోల్చి జి. ఎస్. లేయర్డ్ 1922లో ప్రత్యేక గ్రంథమే వెలువరించాడు.

తలలేని ప్రతిని రాజు శిరచ్ఛేదానికి ప్రతీకగా చదవాలనిపించడం సహజం. కానీ కొత్త ముఖం చెక్కాలంటే పాత ముఖాన్ని చెరపక తప్పదు. కాబట్టి అది మొదట పనితీరులోని ఒక దశ. ప్రతీకార్థం చూసేవారు కల్పించుకొన్నది. గుర్రం, కవచం, తోరణం చెక్కడానికి పట్టే శ్రమ ఎక్కువ. తల మార్చడానికి పట్టేది తక్కువ. ప్రభుత్వం మారినా రేకు విలువ పోకుండా కాపాడుకొనే మార్గం ఇది.

కవచం చెప్పేదేమిటి?

అంతర్యుద్ధకాలం నాటికే నిండుకవచం యుద్ధరంగంలో అరుదైంది. అశ్వికులు ఎక్కువగా దళసరి తోలుకోటు, ఛాతీకవచం, శిరస్త్రాణం ధరించేవారు. కాబట్టి చిత్రంలోని నిండుకవచం వ్యక్తి ధరించిన దుస్తుల నమోదు కాదు. అధికారాన్ని సూచించే చిత్రసంప్రదాయం. రాబర్ట్ వాకర్ చిత్రించిన క్రామ్‌వెల్ కవచరూపం కూడా వాన్ డైక్ భంగిమలకు ఋణపడినదే.

ముగింపు:

తాళపత్రప్రతులను పరిష్కరించేవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. ఒక్క ప్రతిని చూసి కవిపాఠాన్ని నిర్ణయించం. లభ్యమైన ప్రతులను పోల్చి, ఏ మార్పు ఎందుకు వచ్చిందో విచారిస్తాం. ముద్రాచిత్రానికీ ఇదే వర్తిస్తుంది. చార్లెస్ ముఖమున్న ప్రతి ఒక్కటే చేతికి అందిన పరిశోధకుడు దానిని రాజభక్తికి నిదర్శనమనవచ్చు. క్రామ్‌వెల్ ప్రతి మాత్రమే చూసినవాడు అందుకు విరుద్ధంగా నిర్ణయించవచ్చు. రెండూ ఒకే రేకు సంతానం. కనుక చిత్రం కింది పేరును నమ్మేముందు అది రేకు ఏ దశలో అచ్చయిన ప్రతియో నిర్ధారించుకోవాలి. ఆ నిర్ధారణ లేనిదే కవచధారి చిత్రం వ్యక్తిచరిత్రకు ఆధారం కాజాలదు. అధికారం తనను తాను చూపించుకొన్న తీరుకు మాత్రం బలమైన ఆధారమే అవుతుంది.