కాగితం మీది ముసల్మాను

తెలుగులో మనం రోజూ వాడే 'హక్కు' అరబ్బీ 'హఖ్' నుంచి వచ్చిన మాట. అక్కడ దానికి సత్యం అనే అర్థం కూడా ఉంది. మాట మన ఇళ్లలోదే అయినా, వ్యక్తి హక్కుల చరిత్ర అనగానే అందరూ అమెరికా పేరు ఎత్తుతారు. సరే, ఆ అమెరికా చరిత్రలోనే ముస్లిం ఎక్కడున్నాడో వెతుకుదాం.

1215 నాటి మాగ్నా కార్టా, 1689 నాటి ఇంగ్లండు హక్కుల చట్టం అమెరికన్లకు వారసత్వంగా వచ్చాయి. కానీ అవి రాజుకూ ప్రభువులకూ, రాజుకూ పార్లమెంటుకూ మధ్య ఒప్పందాలు. మనిషి హక్కులతోనే పుడతాడన్న వాదానికి తాత్విక బలమిచ్చింది జాన్ లాక్. 1689లోనే అచ్చయిన మత సహన లేఖలో ఆయన ప్రభుత్వానికి హద్దు గీశాడు. దాని పని ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఆస్తినీ కాపాడటం. ఆత్మ సంగతి దానికి అనవసరం. కనుక మహమ్మదీయుడినైనా యూదుడినైనా మతం కారణంగా పౌరహక్కులకు దూరం చేయకూడదన్నాడు. నాస్తికులను మాత్రం ఆయనే బయట నిలబెట్టాడు.

తత్వం ఒక్కటే హక్కులు తేలేదు. వర్జీనియాలో ఆంగ్లికన్ చర్చి సర్కారీ చర్చి. అక్కడ 1760లు, 70లలో బాప్టిస్టు ప్రచారకులను జైళ్లలో పెట్టారు. యువకుడైన జేమ్స్ మాడిసన్‌ను కదిలించినవి ఆ జైళ్లే. బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు అర్జీల మీద అర్జీలు పెట్టారు. ఆ ఒత్తిడి తోడైతేనే జెఫర్సన్ రాసిన మత స్వేచ్ఛ చట్టం 1786లో నెగ్గింది. అల్పసంఖ్యాకులు తమ కోసం పోరాడితే అది అందరి హక్కు అయింది.

జెఫర్సన్ 1765లో, న్యాయశాస్త్రం చదువుకునే రోజుల్లోనే, జార్జ్ సేల్ ఇంగ్లీషులోకి అనువదించిన ఖురాన్ కొన్నాడు. మహమ్మదీయుల గురించి లాక్ అన్నమాటను 1776లో తన నోట్సులో ఎక్కించుకున్నాడు. తన చట్టంలో యేసుక్రీస్తు పేరు చేర్చాలన్న సవరణ వీగిపోయిందనీ, యూదులు, మహమ్మదీయులు, హిందువులు, ఏ నమ్మకమూ లేనివారు అందరికీ రక్షణ దక్కాలన్నదే దాని అర్థమనీ ఆత్మకథలో రాశాడు.

1787 రాజ్యాంగం ప్రభుత్వ పదవులకు మత పరీక్షను నిషేధించింది. మరుసటి ఏడాది నార్త్ కరోలినా సభలో దీని మీద దుమారం లేచింది. రేపు మహమ్మదీయుడు అధ్యక్షుడైతే ఏం గతి అని భయపడ్డారు. ఎవరినైనా మినహాయిస్తే మత స్వేచ్ఛ అనే సూత్రమే మిగలదని జేమ్స్ ఐర్డెల్ జవాబిచ్చాడు. హక్కుల ప్రకటన కావాలని ఆ సభ పట్టుబట్టింది. 1791 డిసెంబరులో మొదటి పది సవరణలు అమలులోకి వచ్చాయి.

వీళ్లంతా వాదించుకున్నది ఊహలోని ముసల్మాను గురించి. నిజమైన ముసల్మాన్లు అప్పటికే వాళ్ల పొలాల్లో చాకిరీ చేస్తున్నారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారిలో ముస్లింలు చాలామందే ఉన్నారు. ఉమర్ ఇబ్న్ సయ్యద్ అలాంటివాడే. 1807లో చార్లెస్టన్ రేవులో దిగాడు. యజమాని దగ్గర్నుంచి పారిపోయి అదే నార్త్ కరోలినాలో జైలు పాలయ్యాడు. చర్చిలో చేరినా బానిసగానే మిగిలాడు. 1831లో తన జీవిత కథను అరబ్బీలో రాశాడు. దాన్ని ఖురాన్‌లోని ముల్క్ సూరాతో మొదలుపెట్టాడు. ఉర్దూలో ముల్క్ అంటే మనకు దేశం. ఆ సూరాలో దాని అర్థం ఆధిపత్యం, అది అల్లాహ్ ఒక్కడిదే. మనిషికి మనిషి యజమాని అయిన గడ్డ మీద ఒక బానిస ఏరుకున్న సూరా అది.

హక్కుల సవరణలు ప్రతిపాదించిన తొలి కాంగ్రెసే 1790లో పరదేశీయులకు పౌరసత్వమిచ్చే చట్టం చేసి, అది స్వేచ్ఛగల తెల్లవారికే అంది. బానిసత్వం రద్దుకు అంతర్యుద్ధం, 1865 నాటి 13వ సవరణ కావలసి వచ్చాయి. చట్టం ముందు సమాన రక్షణ 1868లో 14వ సవరణతో కాగితం మీదికి వచ్చింది. అది బతుకులోకి రావడానికి నల్లవాళ్లు ఇంకో వందేళ్లు పోరాడారు. 2007లో కాంగ్రెసులో తొలి ముస్లిం సభ్యుడు, నల్లజాతివాడైన కీత్ ఎలిసన్, జెఫర్సన్ కొన్న ఆ ఖురాన్ మీదే చెయ్యి పెట్టి లాంఛన ప్రమాణం చేశాడు. అప్పుడూ అభ్యంతరాలు లేచాయి.

మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు రాసినవారి ముందు అమెరికా నమూనా ఉంది. 25 నుంచి 30 వరకు అధికరణాల్లో మనమూ ఉన్నాం. దాతృత్వంగా రాసిచ్చిన వాక్యాలు కావవి. ఏ దేశంలోనైనా రాసేవాళ్లు ఎక్కడో ఉన్న ముసల్మానును సులువుగా ఊహించుకోగలరు, పక్క బస్తీలోని ముసల్మానే వాళ్లకు కనిపించడు. కనిపించేలా చేయడం మన పని. ఉమర్ కలం పట్టింది అందుకే అనుకుంటాను.